యంత్రానికి మాటలు నేర్పిన గ్రేస్

ఏడేళ్ల పిల్ల ఇంట్లో ఉన్న అలారం గడియారాలన్నీ విప్పి పోగుపెడితే మన ఇళ్లలో వీపు విమానం మోతే. న్యూయార్కులో గ్రేస్ వాళ్లమ్మ మాత్రం ఆ పని చెయ్యలేదు. ఒకటి విప్పి, మళ్లీ బిగించడం రాక రెండోది, అదీ రాక మూడోది... అలా ఏడు గడియారాలు విప్పి కూచున్న కూతుర్ని చూసి, ఇకమీదట ఒక్క గడియారంతో సరిపెట్టుకోమందట. అసలు వద్దని మాత్రం అనలేదు. నాకు గ్రేస్ కంటే ముందు ఆ తల్లి నచ్చింది.

1906 డిసెంబరు 9న పుట్టిన గ్రేస్ ముర్రే లెక్కల్లో దిట్ట. వాసర్ కాలేజీలో చదివి, 1934లో యేల్ విశ్వవిద్యాలయంలో గణితంలో పిహెచ్.డి. చేసింది. అప్పటికే విన్సెంట్ హాపర్‌తో పెళ్లయింది. చదివిన కాలేజీలోనే పాఠాలు చెప్పే ఉద్యోగం. అలా సాఫీగా సాగుతుండగా యుద్ధం వచ్చిపడింది. నౌకాదళంలో చేరతానంటే వయసు ఎక్కువ, బరువు తక్కువ అన్నారు. లెక్కల ప్రొఫెసరుగా ఉండడం కూడా దేశానికి అవసరమేనని నచ్చజెప్పారు. వింటేగా! బరువు విషయంలో ప్రత్యేక అనుమతి సంపాదించి, 1943 డిసెంబరులో 37 ఏళ్ల వయసులో చేరింది. శిక్షణలో తన బ్యాచికి ఫస్టు.

1944లో ఆవిడను హార్వర్డుకు పంపారు. అక్కడుంది మార్క్-1 అనే గణన యంత్రం. 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు! కాగితపు టేపుకు చిల్లులు పొడిచి దానికి లెక్క అప్పజెప్పాలి. దాన్ని ఎలా నడపాలో చెప్పే 500 పేజీలు దాటిన పుస్తకం రాసే పని కూడా పైఅధికారి హోవర్డ్ ఐకెన్ ఆవిడ నెత్తినే పెట్టాడు.

అసలు కథ ఇక్కడే మొదలైందని నా అభిప్రాయం. అక్కడ పనిచేసేవాళ్లు ఒకసారి సరిగ్గా నడిచిన లెక్క భాగాల్ని నోటుబుక్కుల్లో రాసి పెట్టుకునేవారు. అవసరమైనప్పుడు ఒకరి పుస్తకంలోంచి ఇంకొకరు ఎక్కించుకునేవారు. మనం సంక్రాంతికి పక్కింటి పిన్నిగారి ముగ్గుల పుస్తకం తెచ్చుకుని దించుకోమూ, అచ్చం అలాగే. దించుకునేటప్పుడు ఒక్క చుక్క తప్పు పడితే ముగ్గు కలవదు. వాళ్లకూ అదే గొడవ. చేత్తో ఎక్కించినప్పుడల్లా ఏదో ఒక అంకె తప్పేది. మనిషి తప్పులు చేసే ఆ ఎత్తిరాత పనిని యంత్రానికే ఎందుకు ఒప్పజెప్పకూడదన్న ఆలోచనకు విత్తనం ఆ నోటుబుక్కులే.

అన్నట్టు, ఆ పురుగు కథ మీరు వినే ఉంటారు. 1947 సెప్టెంబరు 9న మార్క్-2 మొరాయించింది. చూస్తే ఒక రిలేలో, దీపాల చుట్టూ తిరిగే రెక్కల పురుగు ఇరుక్కుని చచ్చి ఉంది. దాన్ని తీసి లాగ్‌బుక్కులో టేపుతో అతికించారు. యంత్రంలో లోపాన్ని పురుగు, అంటే బగ్ అనడం ఎడిసన్ కాలం నుంచీ ఉన్నదే. దాన్ని పట్టింది కూడా గ్రేస్ కాదు. అయితే వెళ్లిన చోటల్లా ఆ కథ చెప్పి, డీబగ్గింగ్ అనే మాట జనం నోళ్లలో పడేలా చేసింది మాత్రం ఆవిడే.

పైకి ఇంత హుషారుగా కనిపించినా ఆ ఏళ్లు ఆవిడకు తేలికైనవి కావు. 1945లో విడాకులు. పిల్లల్లేరు. రాత్రింబవళ్లు పని. తాగుడు అలవాటయింది. 1949లో ఫిలడెల్ఫియాలో మత్తులో ఉండగా పోలీసులు పట్టుకెళ్లారు కూడా. గొప్పవాళ్ల జీవితాల్లో ఇలాంటివి చెప్పకుండా దాటేస్తుంటారు. ఎందుకో మరి! ఎడ్మండ్ బెర్క్‌లీ అనే స్నేహితుడు ఉత్తరం రాసి గట్టిగా మందలించాడు. ఆ కష్టకాలంలోనే, యూనివాక్ కంప్యూటరు తయారుచేస్తున్న ఎకర్ట్-మాక్లీ కంపెనీలో పనిచేస్తూ, ఆవిడ తన జీవితంలోకెల్లా పెద్ద పని మొదలుపెట్టింది.

1952 నాటికి ఏ-0 తయారైంది. పరీక్షించి చూసిన ప్రోగ్రాము ముక్కల్ని టేపు మీద ఉంచి, ఒక్కోదానికీ ఒక నంబరు ఇచ్చింది. మనిషి నంబర్లు చెబితే చాలు, కంప్యూటరే ఆ ముక్కల్ని వెతికి తెచ్చి, వరసలో కుట్టి, నడిచే ప్రోగ్రాముగా తయారుచేస్తుంది. దానికి ఆవిడ పెట్టిన పేరు కంపైలర్. ఇప్పటి కంపైలర్లు చేసేదాంట్లో అది కొంతే అనే పండితులున్నారు. ఉండనీండి. అప్పట్లో మాత్రం అసలు నమ్మినవాళ్లే తక్కువ. కంప్యూటరు లెక్కలు చేస్తుందిగానీ ప్రోగ్రాము రాయడమేమిటని కొట్టిపారేశారు. పనిచేసే కంపైలరు కళ్లముందుంటే, దాన్ని ముట్టుకోవడానికి కూడా ఎవరూ ముందుకు రాలేదు.

1953లో ఏ-2 వచ్చింది. అప్పుడు యూనివాక్ వాళ్లు చేసిన పని చూడండి. కంపైలరుతోపాటు దాన్ని ఎలా రాశారో ఆ మూలం మొత్తం, అంటే సోర్స్ కోడు, యంత్రాలు కొన్నవాళ్ల చేతుల్లో పెట్టారు. చదువుకోండి, బాగుచేసుకోండి, చేసిన మార్పులు మాకూ పంపండి అని కోరారు. ఇప్పుడు మనం ఓపెన్ సోర్స్ అంటున్నామే, ఆ పేరు పుట్టింది 1998లో. పద్ధతి అంతకు 45 ఏళ్ల ముందే ఉంది! మా వంట రహస్యం చెప్పం అని బిగుసుకుపోయే రోజుల్లోనే నోటుబుక్కు తెరిచి అందరి మధ్యా పెట్టారు.

తరవాత ఆవిడ ఇంకో అడుగు వేసింది. గుమాస్తాలు రాసే మామూలు మాటలతోనే కంప్యూటరుకు పని చెప్పొచ్చని ఫ్లోమాటిక్ తయారుచేసింది. భాష ఏదైనా యంత్రానికి ఒకటేనని చూపించడానికి అదే ప్రోగ్రామును ఫ్రెంచిలోనూ జర్మనులోనూ రాసి చూపిస్తే, పైవాళ్లు హడలిపోయారు. అమెరికా యంత్రానికి పరాయి భాషలు ఎలా వస్తాయని! ఇక ఇంగ్లిషులో తప్ప చెయ్యనని నచ్చజెప్పుకోవాల్సి వచ్చింది. నవ్వొస్తుంది గానీ, తెలుగులో కంప్యూటరు కోసం ఎదురుచూసినవాళ్లకు కాస్త గుచ్చుకుంటుంది కూడా.

1959లో మేరీ హాస్ అన్నీ కంపెనీలకూ ఒకే వ్యాపార భాష ఉండాలని పట్టుబట్టింది. కమిటీ కూర్చుని కోబాల్ తయారుచేసింది. దానికి ఫ్లోమాటిక్కే ప్రధాన ఆధారం. గ్రేస్‌ను కోబాల్ తల్లి అంటారు. జీన్ సామెట్ లాంటి ఇతర ఆడవాళ్ల పాలు కూడా అందులో ఉందని గుర్తుపెట్టుకోవాలి. 1960 డిసెంబరులో ఒకే ప్రోగ్రామును రెండు వేరువేరు కంపెనీల యంత్రాల మీద నడిపి చూపించారు.

1998లో నేను అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్నాను. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన పాత ప్రోగ్రాములు 2000 రాగానే తికమకపడతాయని వాటిని సరిచేసేవాళ్లకు భలే గిరాకీ. మా బ్యాచి కుర్రాళ్లు కొందరు ఆ పనిమీదే అమెరికా విమానం ఎక్కారు. భాష గురించి అన్నీ చెప్పిన మాస్టారు, దాని వెనక ఒక ఆడమనిషి ఉందని మాత్రం ఒక్కరోజూ చెప్పలేదు.

తయారుచెయ్యడం ఒక ఎత్తు, చెడిపోకుండా చూసుకోవడం ఇంకో ఎత్తు. 1966లో నౌకాదళం ఆవిడను రిటైరు చేసింది. 1967 ఆగస్టులో ఆర్నెల్ల కోసమని మళ్లీ పిలిచింది. కారణం కోబాలే. ఒక్కో కంపెనీ తన కంపైలరును తనకు తోచినట్టు మార్చుకుంటూ పోతే, ఒకచోట నడిచింది ఇంకోచోట నడవడం లేదు. కంపైలరు నియమం ప్రకారం ఉందో లేదో పరీక్షించే ప్రోగ్రాముల్ని ఆవిడ బృందం తయారుచేసింది. ఆ ఆర్నెల్లు 19 ఏళ్లయ్యాయి! 1986లో రియర్ అడ్మిరల్ హోదాలో రిటైరయ్యేసరికి ఆవిడకు 79 ఏళ్లు. వెంటనే డిజిటల్ కంపెనీలో సలహాదారుగా చేరింది. దాదాపు అడుగు పొడవున్న వైరు ముక్కలు పంచుతూ, సెకనులో వందకోట్లవ వంతులో కరెంటు వెళ్లగలిగే దూరం ఇంతే అని కుర్రకారుకు చూపించేది.

1987లో రిచర్డ్ స్టాల్‌మన్ జీసీసీ అనే కంపైలరును మూలంతో సహా ఉచితంగా లోకం ముందు పెట్టాడు. తప్పులు పట్టే జీడీబీ దానికి ఏడాది ముందే వచ్చింది. ఇవాళ్టికీ దేశదేశాలవాళ్లు వాటిని మరమ్మతు చేస్తూనే ఉన్నారు. గ్రేస్ 1992 జనవరి 1న నిద్రలోనే కన్నుమూసింది. సైనిక లాంఛనాలతో ఆర్లింగ్టన్‌లో ఖననం చేశారు. లాగ్‌బుక్కులో అతికించిన ఆ రెక్కల పురుగు మాత్రం స్మిత్సోనియన్ మ్యూజియంలో భద్రంగా ఉంది.