కుమారి మేరీ కార్పెంటరు చరిత్రము

భగవదారాధనమునకును లోకసేవకును గల సంబంధమెట్టిదని విద్యావంతులలో తఱచుగా చర్చ జరుగుచుండును. చర్చవలన తేలని యీ విషయము కొందఱి జీవితములవలన తేటపడును. యూనిటేరియనులనబడు ఏకేశ్వరవాద క్రైస్తవుల శాఖకు జెందిన మేరీ కార్పెంటరు జీవితమట్టిది. న్యాయవాదులమైన మాకు ఈమె చరిత్రము మఱియొక కారణముచేతను ఆదరణీయము. నేరము చేసిన బాలుని శాసనము ఏ దృష్టితో చూడవలెనను ప్రశ్నను ఈమె తనకాలపు పాలకుల యెదుట నిలిపెను.

ఈమె 1807 వ సంవత్సరము ఏప్రిల్ 3 వ తేదీని ఇంగ్లండులోని ఎక్సిటరు పట్టణమున జన్మించెను. తండ్రియగు లాంట్ కార్పెంటరు మతాచార్యుడు, విద్వాంసుడు. 1817 లో ఆయన బ్రిస్టలు నగరమునకు వచ్చి లూయిన్స్ మీడ్ ప్రార్థనామందిరమున ఆచార్యత్వము వహించెను. ఆయన నడపిన పాఠశాలలో బాలురతోపాటు ఈమెయు లాటిను, గ్రీకు భాషలను, గణితమును అభ్యసించెను. బాలికలకు ఇట్టి విద్య లభించుట ఆ దినములలో మిక్కిలి యరుదు.

1833 వ సంవత్సరమున ఇద్దఱు మహనీయులు బ్రిస్టలునకు వచ్చిరి. వారిలో నొకరు మన రాజా రామమోహనరాయలవారు. వారు ఆ సెప్టెంబరు 27 వ తేదీని అచ్చటనే పరమపదించిరి. రెండవవాడు అమెరికాలోని బోస్టను నగరమున బీదలకు సేవచేయుచుండిన జోసెఫ్ టకర్మను. ఒకనాడు ఈమె ఆయనతో వీధిని పోవుచుండగా, చింపిరిగుడ్డల బాలుడొకడు వారి ముందునుండి పరుగెత్తి పోయెను. వాని వెంట నేగి వాని యిల్లెట్లున్నదో చూచుట మనకు విధియని టకర్మను పలికెను. ఆ మాట ఈమె హృదయమున నాటుకొనెను. రామమోహనరాయల స్మృతివలన భారతదేశమును, ఆ బాలుని దర్శనమువలన దిక్కులేని బిడ్డలును ఈమె ధ్యానమునకు విషయములైరి.

1835 లో బీదల యిండ్లకు పోయి సహాయము చేయు సంఘము నొకదానిని ఈమె స్థాపించెను. 1840 లో తండ్రి సముద్రయానములో మునిగి మరణించెను. ఆ దుఃఖమును దిగమ్రింగి, 1846 ఆగష్టు 1 వ తేదీని లూయిన్స్ మీడ్ పేటలోనే చింపిరిగుడ్డల పిల్లల కొక పాఠశాల తెఱచెను. మొదట వారి యల్లరికి మేర లేకుండెను. ఐనను ఈమె సహనమునకు లోపము రాలేదు.

ఆ కాలమున ఇంగ్లండులో చిన్న దొంగతనము చేసిన బాలుని సైతము చెఱసాలకు పంపుచుండిరి. లోనికి పోయినవాడు ముదిరిన నేరస్థుడై వెలికి వచ్చుచుండెను. దండనముచేత చెడిపోవు బిడ్డను ప్రేమయు, పనియు, క్రమశిక్షయు బాగుచేయునని నిరూపించుచు ఈమె 1851 లో ఒక గ్రంథమును ప్రకటించెను. 1852 లో పార్లమెంటు విచారణసంఘము నెదుట సాక్ష్యమిచ్చి, ఆ సంవత్సరమే కింగ్సువుడ్డులో బాలనేరస్థుల కొక సంస్కరణాలయమును నెలకొల్పెను. 1854 లో బైరను కవి భార్య కొనియిచ్చిన రెడ్ లాడ్జి యను భవనమున బాలికలకు వేఱొకటి స్థాపించెను.

ఆ సంవత్సరమే బాలనేరస్థులను ఇట్టి యాలయములకు పంపుటకు శాసనము పుట్టెను. అయితే అందు పాత క్రౌర్యము కొంత మిగిలియుండెను. బిడ్డ మొదట పదునాలుగు దినములైనను చెఱసాలలో నుండితీరవలెనట! ఈమె ఈ నిబంధనమును తుదివఱకు ప్రతిఘటించెను. అది తొలగినది 1899 లో. అప్పటికి ఈమె గతించి ఇరువదిరెండు సంవత్సరములాయెను. సగము ధర్మమును సాధించి, మిగిలిన సగమునకై ఓపికతో పోరాడుట ఎట్లో మావంటివారు ఈమెవలన నేర్చుకొనవలసియున్నది.

1866 లో, ఏబదితొమ్మిదవ యేట, ఈమె మన దేశమునకు బయలుదేఱెను. బొంబాయి, మదరాసు, కలకత్తా నగరములను దర్శించెను. మఱి మూడుసారులును వచ్చెను. మతము మార్చుట తన యుద్దేశము కాదని స్పష్టపఱచి, స్త్రీవిద్యకై ఉపాధ్యాయినులను తయారుచేయు పాఠశాలలు కావలెనని కోరెను. పెద్దమనుష్యులు మెచ్చుకొనిరి, కాని తమ యింటి స్త్రీలను ఉపాధ్యాయినులుగా పంపుటకు వెనుదీసిరి. ఇట్లగునని విద్యాసాగరులవారు ముందే శంకించిరి. కలకత్తాలో స్థాపితమైన అట్టి పాఠశాల 1872 లో మూతపడెను. ఈ యపజయము ఈమెది కాదు, మనది. చప్పట్లు కొట్టుట సులభము. ఇంటి తలుపు తెఱచుట కష్టము.

1870 లో కేశవచంద్రసేనులవారు బ్రిస్టలునకు పోయినప్పుడు, భారతీయులకును ఆంగ్లేయులకును స్నేహము పెంపొందించుటకై ఈమె నేషనల్ ఇండియన్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించెను. 1876 లో మన దేశమునను సంస్కరణ పాఠశాలల చట్టము వచ్చెను.

1877 జూను 14 వ తేదీని ఈమె దేహము చాలించెను. ఆర్నోస్ వేల్ శ్మశానవాటికలో రామమోహనరాయలవారి సమాధి యున్నచోటనే ఈమెయు విశ్రమించినది. క్రీస్తునందలి తన భక్తిని ఈమె వాదములచే గాక పరుల బిడ్డలచేత నిరూపించెను. మన ప్రార్థనామందిరములనుండి తిరిగివచ్చునప్పుడు మన ముందునుండియు చింపిరిగుడ్డల బాలుడొకడు పరుగెత్తిపోవుచునే యుండును. వాని వెంట నెంతదూరము పోవుదుమో, అంతవఱకే మన భక్తి.