స్థానం నరసింహారావుగారి వేషధారణము

నాటకమున మాట వినబడుటకు ముందే వేషము కనబడును. తెర లేచి, పాత్ర యింకను నోరు మెదపక నిలిచియున్న ఆ క్షణమునందే ఆమె రాణియో దాసియో ప్రేక్షకులు గ్రహింపవలయును. ఆ మౌనమును చీరచేతను రవికచేతను పలికించిన మహానటులు స్థానం నరసింహారావుగారు.

వీరు 1902వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన బాపట్లలో జన్మించిరి. 1920లో అచ్చట హరిశ్చంద్ర నాటక ప్రదర్శనమునకు చంద్రమతి వేషధారి రాకపోగా, ఆ లోటు తీర్చుటకై మొదటిసారి స్త్రీవేషము ధరించిరి. పిదప తెనాలి శ్రీరామవిలాస సభలో చేరి సత్యభామ, చిత్రాంగి, దేవదేవి, రోషనార పాత్రలతో ఆంధ్రదేశమంతటను పేరుగాంచిరి. శ్రీకృష్ణ తులాభారమున సత్యభామ పాడు ప్రసిద్ధమైన పాటను రచించినవారును వీరే.

ఆ దినములలో కులస్త్రీలు రంగస్థల మెక్కుట తప్పుగా నెంచబడెడిది. ఆ యాచారమును మేము మెచ్చుకొనము. అయినను దానివలన నొక పురుషునకు ఎంతటి కష్టమైన పని యేర్పడెనో చూడుడు. భుజముల వెడల్పును పైట మరుగుపరుపవలయును. పెద్ద యడుగులు పడకుండ కుచ్చెళ్లు ఆపవలయును. రవికను ఆ దేహపు కొలతకే కుట్టింపవలయును; ఒకరి రవిక మరియొకరికి కుదురదను సంగతి కుట్టుపని నేర్చు మన బాలికలు బాగుగా నెరుగుదురు. దీపముల వెలుతురున వెనుక వరుసవారికి సన్నని యంచు కనబడదు గనుక బట్ట నేరుటయు నొక విద్యయే. ఇట్లు సిద్ధమైన ఆ చీరకట్టును చూచి, ఇంటికి పోయి అనుకరించిన స్త్రీలు గలరని పెద్దలు చెప్పుదురు. పురుషుడు స్త్రీలకు చీర కట్టుట నేర్పుట వింత గాదా!

1921లో రఘుపతి వెంకయ్యగారును, వారి కుమారులు ప్రకాశ్‌గారును మద్రాసున భీష్మప్రతిజ్ఞ యను మూకీ చిత్రమును తీసిరి. మూకీలో మాట వినబడదు; వేషమును అభినయమునే కథను నడుపవలయును. నరసింహారావుగారి నాటకములలో మాటలును పాటలును గలవు. అయినను వారి యాహార్యము మూకీకి సరిపోవునంతటిదని మా యభిప్రాయము.

వీరు ధరించిన పాత్రలలో మధురవాణి మనకు మిక్కిలి దగ్గరిది. కన్యాశుల్కము వ్రాసిన గురజాడ అప్పారావుగారు 1862లో నేటి అనకాపల్లి జిల్లాలోని సర్వసిద్ధి రాయవరమున జన్మించిరి. ఆ నాటకము 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడెను. మధురవాణి రాణి గాదు, మొగలు రాజపుత్రియు గాదు. విజయనగరపు వీధిలో నివసించు చతురురాలు. సత్యభామ నగలు ఆమెపై నుంచినచో నాటకమే చెడును. కిరీటమును, పెద్ద నగలును లేని యిట్టి వేషమే కష్టతరమని మాకు తోచును.

1938లో రంగూనునందు వీరికి బంగారు కిరీటము బహూకరింపబడెను. 1956లో పద్మశ్రీ బిరుదము లభించెను. అప్పటికి స్త్రీలే స్త్రీ పాత్రలను ధరించు కాలము వచ్చెను. 1971లో వీరు పరమపదించిరి. ఆత్మకథ నటస్థానము గలదు. కొన్ని ఛాయాచిత్రములును గలవు. వానిలో పైట జారు తీరును, కుచ్చెళ్ల మడతలును స్పష్టముగ కనబడును. అవి నలుపు తెలుపులవి గనుక ఆ చీరల రంగు మాత్రము తెలియదు.