విప్పి బిగించిన చేతులు - జి.డి. నాయుడు



మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు పీజీ చదువుతున్నాను. మా నాన్న మన నగరంలో కార్ల షెడ్డులో మెకానిక్కు. సెలవుల్లో ఇంటికి వెళ్తే ఆయనకు సాయంగా పాత అంబాసిడర్ గేరుబాక్సు దింపేవాణ్ణి. ఆయిలు వదిలి, ప్రొపెల్లర్ షాఫ్టు ఊడదీసి, బాక్సు కిందికి దించి విప్పితే లోపల పళ్ల చక్రాలు కనిపిస్తాయి. నాన్న వాటిని తీసిన వరుసలోనే గోనెపట్టా మీద పేర్చేవారు. అరిగిన బేరింగులు, సింక్రో రింగులు మార్చి మళ్లీ అదే వరుసలో ఎక్కించాలి. చివర్లో ఒక్క వాషరు మిగిలినా పని మళ్లీ మొదటికొచ్చినట్టే.

అయినా కాలేజీలో నాన్న ఏం చేస్తారని అడిగితే వ్యాపారం అని చెప్పేవాణ్ణి. మసి చేతుల పని అని చెప్పడానికి సిగ్గు. ఆ సిగ్గును పోగొట్టింది ఒక మహనీయుని జీవితం. ఆయనే జి.డి. నాయుడు గారు.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న తమిళనాడులోని కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో ఒక తెలుగు రైతు కుటుంబంలో పుట్టారు. ఆయనకు బడి రుచించలేదు. మూడో తరగతితో చదువు ఆగిపోయింది. యువకుడిగా ఉన్నప్పుడు ఒక తెల్లదొర మోటారు సైకిలు చూసి ఆయన మనసు దాని మీదే నిలిచింది. అది కొనడానికి కోయంబత్తూరు హోటల్లో సర్వరుగా చేరి, పైసా పైసా కూడబెట్టారు. బండి చేతికొచ్చాక దాన్ని నడపడంతోనే సరిపెట్టుకోలేదు. భాగాలన్నీ విడదీసి, ఏది దేనికోసమో చూసి, మళ్లీ బిగించారు. అదే ఆయనకు మొదటి పాఠశాల. అలా మెకానిక్కు అయ్యారు.

1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని ఊళ్ల మధ్య సర్వీసు మొదలుపెట్టారు. గేర్లు సులువుగా పడేలా చేసే సింక్రోమెష్ 1928లో గానీ అమెరికాలో కాడిలాక్ కార్లకు రాలేదు. అంతకుముందు బండ్లకు గేరు మార్చాలంటే క్లచ్చి రెండుసార్లు తొక్కి, ఇంజను వేగం కుదర్చాలి. కుదరకపోతే పళ్లు ఒరుసుకుని అరిగిపోతాయి. అలాంటి రోజుల్లో బస్సులు నడపాలంటే బాగుచేసే చేతులే పెట్టుబడి. 1933 నాటికి ఆయన సంస్థ యూనివర్సల్ మోటార్ సర్వీసుకు 280 బస్సులు ఉండేవి.

1937లో ఆయన, డి. బాలసుందరం నాయుడు కలిసి మన దేశంలోనే ఎలక్ట్రిక్ మోటారు తయారు చేశారు. 1952లో 2,000 రూపాయలకే ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారుచేసి చూపించారు. కానీ ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోవడంతో ఆ కారు రోడ్ల మీదికి రాలేదు. ఎంత పనిమంతుడికైనా అన్ని తలుపులూ తెరుచుకోవని దీన్నిబట్టి తెలుస్తుంది.

తమ్ముళ్లూ, మూడో తరగతితో ఆగినాయన గొప్పవాడయ్యాడు కదా, మనకెందుకు ఈ చదువులని అనుకోకండి. ఆ మాట ఆయనే ఒప్పుకోరు. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్కు, ఇంజనీరింగు కాలేజీ ఏర్పడటానికి మూలపురుషుడు ఆయనే. ఆ కాలేజీయే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. ఇంజనీరింగుకు నాలుగేళ్లు అక్కర్లేదు, పని నేర్పితే రెండేళ్లు చాలని ఆయన వాదన. ప్రభుత్వం దానికి అంగీకరించలేదు, ఆయన తప్పుకున్నారు. ఆయన చదువును వద్దనలేదు, చేతికి అందని చదువునే వద్దన్నారు. 1974 జనవరి 4న కన్నుమూశారు. ఆయన పేరిట కోయంబత్తూరులో ఉన్న మ్యూజియం ఇప్పటికీ విద్యార్థులను ఆకర్షిస్తోంది.

మన హాస్టల్‌లో కూలీల పిల్లలు, డ్రైవర్ల పిల్లలు, మెకానిక్కుల పిల్లలు ఉన్నారు. దరఖాస్తులో తండ్రి వృత్తి అన్న గడి దగ్గర నాలాగా పెన్ను ఆపేవాళ్లు కూడా ఉంటారు. అక్కడ ఉన్నది ఉన్నట్టు రాయండి. మనకు ఫీజులు కట్టినవి ఆ చేతులే. పోయిన సెలవుల్లో నేను ఇంటికి వెళ్లి గోనెపట్టా పరిచి, గేర్లు నాన్న చెప్పిన వరుసలో పేర్చాను. ఈసారి ఒక్క వాషరు కూడా మిగల్లేదు. ఇప్పుడు ఎవరు అడిగినా మా నాన్న మెకానిక్కు అనే చెబుతున్నాను.