థియోడర్ ష్వాన్

జర్మనీ దేశమున రైన్ నదీప్రాంతములో నాయిస్ అను చిన్న పట్టణము కలదు. 1810వ సంవత్సరము డిసెంబరు 7వ తేదీన థియోడర్ ష్వాన్ అచ్చట జన్మించెను. ఆయన తండ్రి మొదట స్వర్ణకారుడు. పిమ్మట ముద్రణాలయమును నెలకొల్పెను. బాలుడు బిడియస్థుడు, దైవభక్తి గలవాడు. కొలోన్ నగరమున చదువు ముగించి బాన్ విశ్వవిద్యాలయమున చేరగా, అచ్చట జొహాన్నెస్ మ్యుల్లర్ అను శరీరశాస్త్రాచార్యుడు ఆయనకు గురువయ్యెను. 1834లో బెర్లిన్ నగరమున వైద్యపట్టము పొందిన వెనుక ష్వాన్ ఆ గురువు కడనే సహాయకుడుగా కుదిరెను. జీతము స్వల్పమే.

ఆ దినములలో ప్రాణుల దేహములందు జరుగు మార్పులకు ప్రాణశక్తి యను అగోచరశక్తి యొకటి కారణమని పెక్కురు పండితులు నమ్ముచుండిరి. మ్యుల్లరును అట్లే తలంచెను. శిష్యుడు గురువును మిక్కిలి గౌరవించెను గాని, ఆ మాటతో తృప్తి చెందలేదు.

జీర్ణక్రియను గూర్చి అప్పటికే కొంత తెలిసియుండెను. జఠరరసములో హైడ్రోక్లోరిక్ ఆమ్లమున్నదని 1824లో ఇంగ్లండునందు ప్రౌట్ కనుగొనెను. అమెరికాలో బోమాంట్ అను సైనికవైద్యుని కడ ఒక రోగి యుండెను. తుపాకిదెబ్బ వలన అతని కడుపున ఏర్పడిన రంధ్రము పూడలేదు. ఆ రంధ్రముగుండా తీసిన రసము గాజుపాత్రలో సైతము మాంసమును కరగించుచుండెను. అయినను ఒక చిక్కు మిగిలెను. ఆమ్లమును మాత్రమే పోసినచో ఆహారము అట్లు కరుగదు. మరి కరగించునది యేది?

ష్వాన్ జంతువుల జఠరపు లోపలిపొరను పలుచని ఆమ్లములో నానవేసి, ఆ ద్రవమును వడకట్టెను. ఉడికించిన కోడిగ్రుడ్డు తెల్లసొన ముక్కలను అందులో వేసి వెచ్చగా నుంచెను. అవి క్రమముగా కరగిపోయెను. ఆ ద్రవమును మరగకాచినచో దాని శక్తి నశించుచుండెను. అనగా ఆమ్లముతోబాటు వేరొక పదార్థము అచ్చట పనిచేయుచుండవలెను. అది అత్యల్పముగా నున్నను ఎంతో ఆహారమును కరగించుచుండెను. 1836లో ష్వాన్ దానికి పెప్సిన్ అని పేరిడెను. గ్రీకుభాషలో జీర్ణమగుటను తెలుపు పదమునుండి ఆ పేరు పుట్టినది. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియారేండ్లకు మించలేదు.

పెప్సిన్ ఆకారమును ఎరుగు భాగ్యము మాత్రము ఆయనకు కలుగలేదు. 1930లో అమెరికా శాస్త్రజ్ఞుడు నార్త్రప్ దానిని స్ఫటికరూపమున వేరుచేసి, అదియు ఒక మాంసకృత్తేయని చూపెను. మాంసకృత్తులను కోయునది తానును మాంసకృత్తగుట వింతయే! ఎక్స్-కిరణముల సాయమున దాని నిర్మాణము పిమ్మట తెలియవచ్చెను. మానవుని పెప్సిన్ 326 అమినో ఆమ్లముల గొలుసు. ఆ గొలుసు ముడుచుకొని రెండు తమ్మెల వలె ఏర్పడును. వాని నడుమ లోతైన చీలిక యుండును. ఆహారములోని మాంసకృత్తు ఆ చీలికలో ఇమిడినప్పుడు, అచ్చట చేరువగానున్న రెండు ఆస్పార్టిక్ ఆమ్లములు ఒక నీటి అణువును పురికొల్పి దానిని తెగునట్లు చేయును.

ఇట్టి కత్తెర తన్ను పుట్టించిన కణములనే ఏల కోయదు? కణములు దానిని పెప్సినోజెన్ అను నిద్రాణరూపమున తయారుచేయును. అప్పుడు 47 అమినో ఆమ్లముల అదనపు తునక ఆ చీలికను మూసియుండును. జఠరములోని ఆమ్లము సోకగానే ఆ తునక తెగి తొలగును, పెప్సిన్ మేల్కొనును. ఆమ్లము, పెప్సిన్ రెండును కూడవలెనని ష్వాన్ గ్రహించిన దానిలోని మర్మమిదియే.

1837లో ష్వాన్ మరియొక సాహసము చేసెను. చక్కెరను సారాయిగా మార్చు ఈస్టు ప్రాణముగలదని ప్రకటించెను. ఆనాటి రసాయనశాస్త్రజ్ఞులలో మేటియగు లీబిగ్ దీనిని అంగీకరింపలేదు. 1839లో లీబిగ్ సంపాదకుడుగానున్న పత్రికలో, వ్రాసినవారి పేరు లేకయే, ఒక పరిహాసవ్యాసము వెలువడెను. ఈస్టు కణములు బట్టీ ఆకారముగల జంతువులనియు, అవి చక్కెరను తిని సారాయిని విసర్జించుననియు అందు వర్ణింపబడెను. జంతువుల దేహములును మొక్కలవలె కణములతోనే నిర్మితమైనవని ష్వాన్ తన మహాగ్రంథమున నిరూపించినదియు ఆ యేడే!

వివాదములకు దిగు స్వభావము ఆయనకు లేదు. స్వదేశమున ఆచార్యపదవి లభింపలేదు. 1839లో బెల్జియమునందలి లూవెన్ నగరమునకు ఆచార్యుడుగా వెడలిపోయెను. 1848లో లియెజ్ విశ్వవిద్యాలయమునకు మారెను. జీర్ణక్రియకు పైత్యరసము అవసరమని 1844లో చూపెను గాని, బెర్లిన్ నాటి వేగము మరల రాలేదు. అందులకు ఆ పరిహాసమే కారణమని చెప్పుట కష్టము. కాని అది ఆయనను నొప్పింపలేదనుటయు కష్టమే. ఈస్టు సజీవమని ఫ్రాన్సులో పాశ్చర్ స్థిరపరచుటకు ఇరువది యేండ్లు పట్టెను.

1878లో లియెజ్ నగరమున శాస్త్రజ్ఞులు ష్వానును ఘనముగా సన్మానించిరి. 1882 జనవరి 11వ తేదీన ఆయన కొలోన్ నగరమున కన్నుమూసెను.