పెళ్ళి, ఇల్లు, కంపెనీ: మన దొడ్డవరం భానుమతి గారు

పెళ్ళయ్యాక ఆడపిల్ల పని మానుకోవాలా అన్న చర్చ మన హాస్టళ్ళలో ప్రతి ఏడూ వచ్చేదే. ఇంటర్ కాగానే పెళ్ళి కుదిరి చదువు ఆగిపోయిన అక్కలు మనకు తెలుసు. భార్యాభర్తలు కలిసి చిన్న కొట్టు నడుపుకుంటున్న పూర్వ విద్యార్థులూ తెలుసు. అందుకే ఈ సంచికకు ఒక జీవిత చరిత్ర రాయాలనుకున్నప్పుడు మేము దూరం వెళ్ళలేదు. ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టిన శ్రీమతి భానుమతీ రామకృష్ణ గారిని ఎంచుకున్నాం. నటిగా, గాయనిగా ఆమెను ఎరగనివారు లేరు. భర్తతో కలిసి ఒక సినిమా కంపెనీ నడిపిన యజమానురాలిగా తెలిసినవారు తక్కువ.

ఆమె 1925 సెప్టెంబరు 7న జన్మించారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, ఒంగోలు ప్రాంతం గుంటూరు జిల్లాలోనే ఉండేది. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారు సంగీతమంటే ప్రాణం పెట్టే మనిషి. కూతురికి చిన్ననాటి నుంచే పాట నేర్పారు. 1939లో 'వరవిక్రయం' చిత్రంలో నటించేనాటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. వరకట్నం మీద కథ అది. సినిమాల్లోకి పంపారే గాని తండ్రి గారు షరతులు పెట్టారు. కథానాయకుడు తన కూతుర్ని తాకే సన్నివేశాలు ఉండకూడదన్నది వాటిలో ఒకటి.

'కృష్ణప్రేమ' చిత్రం తీస్తున్నప్పుడు అక్కడ సహాయ దర్శకుడిగా ఉన్న పి.యస్. రామకృష్ణారావు గారిని ఆమె ఇష్టపడ్డారు. తండ్రి మొదట ఒప్పుకోలేదు. అంతవరకు తండ్రి మాట జవదాటని ఆ అమ్మాయి ఇక్కడ మాత్రం పట్టు విడవలేదు. 1943 ఆగస్టు 8న పెళ్ళి జరిగింది.

పెళ్ళయ్యాక నటన మానేసి ఇంటిపట్టున ఉండాలనే ఆమె అనుకున్నారట. అంత ధైర్యం గల మనిషి కూడా అలా అనుకోవడం మాకు ఆశ్చర్యమే. దర్శకులు బి.ఎన్. రెడ్డి గారు అడగడంతో 'స్వర్గసీమ' (1945)లో మళ్ళీ నటించారు. తమాషా ఏమిటంటే, ఇల్లాలిగా స్థిరపడదామనుకున్న ఆమెకు దక్కింది పచ్చని సంసారంలో చిచ్చుపెట్టే సుజాత పాత్ర. ఆ సినిమాతో ఆమె పేరు మోగిపోయింది. ఇక వెనక్కి వెళ్ళలేదు.

1947లో ఆ దంపతులు సొంత నిర్మాణ సంస్థ పెట్టారు. దానికి తమ ఒక్కగానొక్క కుమారుడు భరణి పేరే పెట్టుకున్నారు. అదే భరణీ పిక్చర్స్. మొదటి చిత్రం 'రత్నమాల' (1948), తరువాత 'లైలా మజ్ను' (1949). ఆమె నిర్మాత, కథానాయిక, ఆయన దర్శకుడు. మద్రాసులో భరణీ స్టూడియో కూడా వారిదే. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో తీస్తూ దర్శకత్వం తానే చేపట్టారు. అందులో ద్విపాత్రాభినయం కూడా ఆమెదే. స్త్రీ దర్శకత్వం చేయడమే అరుదైన కాలం అది.

ఇక్కడ మేము ఒక మాట చెప్పదలచుకున్నాం. మన ఊళ్ళలో కొట్టు మీద కూర్చునేది ఇల్లాలైనా బోర్డు మీద, బ్యాంకు పుస్తకంలో ఉండేది భర్త పేరే. భానుమతి గారి ఇంట్లో ఆమె నిర్మాతగా తెర మీద కనిపించేది, ఆయన ఆమె నిర్మించిన చిత్రానికి దర్శకత్వం వహించేవారు. అందులో చిన్నతనం ఆయనకు కనిపించలేదు. రామకృష్ణ గారి గొప్పతనం గురించి ఎవరూ పెద్దగా రాయలేదని మాకనిపిస్తుంది. అయితే సినిమా తార సంపాదన ఆమెకుంది. మిరపకోతకు, పత్తి తీతకు పోయి వచ్చి మళ్ళీ పొయ్యి వెలిగించే మన అమ్మలకు ఆ వెసులుబాటు లేదు. ఆ తేడా మరచి పోల్చడం న్యాయం కాదు.

ఇల్లూ పనీ ఢీకొన్న రోజు ఆమెకూ వచ్చింది. విజయా వారి 'మిస్సమ్మ'కు మొదట కథానాయిక ఆమే. కొన్ని రీళ్ళు తీశారు కూడా. వరలక్ష్మీ వ్రతం నాడు ఇంట్లో పూజ ముగించుకొని ఆమె ఆలస్యంగా వెళ్ళడం, నిర్మాత చక్రపాణి గారు క్షమాపణ కోరడం, ఆమె ససేమిరా అనడం సినిమా వాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే సంగతి. చక్రపాణి గారిది తెనాలి, ఈమెది ఒంగోలు ప్రాంతం. ఇద్దరిదీ మన మిరపకాయ ఘాటే! ఆ పాత్ర సావిత్రి గారికి వెళ్ళింది. 1955లో విడుదలైన ఆ చిత్రం ఎంత ఆడిందో మనకు తెలిసిందే. పూజ కోసం ఆమె చెల్లించిన మూల్యం చిన్నది కాదు. కాని సెట్టు మీద వందమంది ఎదురుచూస్తుంటే నిర్మాతకు కలిగే నష్టం ఆమెకు తెలియనిదా? తానూ నిర్మాతే కదా! ఈ విషయంలో మాలో మాకే రెండు అభిప్రాయాలున్నాయి.

సొంత సంస్థ ఉండబట్టి ఆమె తల వంచకుండా నిలబడగలిగారు. 'చక్రపాణి', 'విప్రనారాయణ' (1954), 'బాటసారి' (1961) భరణీ వారివే. ఇంటి సంగతులే ఆమె కలానికి ముడిసరుకయ్యాయి. చాదస్తపు అత్తగారి గురించి కోడలు చెప్పే 'అత్తగారి కథలు' రాసి నవ్వించారు. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ వచ్చాయి.

రామకృష్ణ గారు 1986లో కన్నుమూశారు. నలభై మూడేళ్ళ కాపురం, అందులో దాదాపు నలభై ఏళ్ళు ఒకే కంపెనీ. ఆ తరువాత కూడా ఆమె నటించారు, మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు, 'నాలో నేను' పేరిట ఆత్మకథ రాశారు. 2005 డిసెంబరు 24న చెన్నైలో తుదిశ్వాస విడిచారు. 'మంగమ్మగారి మనవడు' (1984) టీవీలో వస్తే మా అమ్మమ్మలు చేటలోని మిరపకాయలు పక్కన పెట్టి చూస్తారు. ఆ మంగమ్మ మన దొడ్డవరం ఆడబిడ్డ అని వాళ్ళలో చాలామందికి తెలియదు.