దీపధారిణి లెక్కలు – ఫ్లారెన్సు నైటింగేలు జీవితము

దానము చేయుట పుణ్యమని పెద్దలు చెప్పుదురు. చేసిన దానము ఎవరికి, ఎంతవరకు ఉపకరించినదో విచారించుట అంతకంటె కష్టమైన ధర్మము. మొదటిదానికి దయ చాలును. రెండవదానికి దయతోపాటు లెక్కయు, ఆ లెక్క చెప్పిన సత్యమును సహింపగల ధైర్యమును కావలెను. ఈ మూడును గలిగిన మహనీయురాలు ఫ్లారెన్సు నైటింగేలు. రాత్రివేళ చేత దీపము బట్టి క్షతగాత్రుల పడకలచెంత సంచరించిన దయామూర్తిగా ఆమెను లోకమెరుగును. ఆమె అంకెలు చేసిన మేలు నెరిగినవారు కొందరే.

ఈమె 1820వ సంవత్సరము మే 12వ తేదీన ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున జన్మించెను. తల్లిదండ్రులు ఆంగ్లేయులు, సంపన్నులు. పుట్టిన నగరము పేరే బిడ్డకు పెట్టిరి. తండ్రి తన యిద్దరు కుమార్తెలకును స్వయముగా గ్రీకు, లాటిను భాషలను, చరిత్రను, తత్త్వశాస్త్రమును బోధించెను. ఫ్లారెన్సునకు గణితమునందు మిక్కిలి మక్కువ. రోగులకు పరిచర్య చేయుటయే జీవితముగా గడపవలెనని ఆమె కోరగా ఇంటివారు సమ్మతింపరైరి. ఆ కాలమున ఆస్పత్రి దాదిపని గౌరవ కుటుంబముల స్త్రీలకు తగదని ఇంగ్లండులో తలచెడివారు. ఆమె పట్టు విడువక, వివాహమును నిరాకరించి, 1851లో జర్మనీ యందలి కైసర్‌వెర్తులో శిక్షణ పొందెను. 1853లో లండనులో స్త్రీల వైద్యశాల కొకదానికి అధికారిణి యయ్యెను.

మరుసటి సంవత్సరము ఆంగ్లేయ సైన్యము క్రిమియాలో రష్యాతో పోరుచుండెను. యుద్ధశాఖామాత్యుడు సిడ్నీ హెర్బర్టు కోరికపై ఆమె 38 మంది దాదులతో బయలుదేరి, 1854 నవంబరులో తురుష్కదేశమందలి స్కుటారి సైనికాస్పత్రికి చేరెను. అచట రోగులు నేలపై పడియుండిరి. భవనము క్రింద మురుగు నిలిచియుండెను. మంచినీటి కాలువలో గుఱ్ఱపు కళేబర ముండెను. ఆమెకు అంతకంటెను విస్మయము గొలిపినది దస్త్రముల స్థితి. మరణించినవారి సంఖ్యకు మూడు వేర్వేరు పద్దులుండగా, ఏ రెండును ఒకదానితో నొకటి సరిపడలేదు. చచ్చినవారెందరో తెలియనిచోట బ్రతికింపవలసిన మార్గ మెట్లు తెలియును?

1855 ఫిబ్రవరిలో ఆ ఆస్పత్రిలో చికిత్స పొందినవారిలో నూటికి 42 మంది మరణించిరి. మార్చి నెలలో ఇంగ్లండునుండి వచ్చిన పారిశుద్ధ్య సంఘము మురుగుకాలువలను శుభ్రపరచి, గోడలకు సున్నము కొట్టించి, గాలి యాడునట్లు చేయించెను. జూను నాటికి మరణములు నూటికి రెండుకు దిగెను. సైనికులను చంపినది శత్రువుల గుండ్లకంటె ఎక్కువగా మురుగేయని తరువాత ఆమె లెక్కలు నిరూపించెను.

1856లో స్వదేశము చేరిన పిమ్మట ఆమె విలియం ఫార్ అను గణాంకవేత్తతో కూడి ఈ లెక్కలన్నియు క్రోడీకరించెను. పట్టికలను చూడ నొల్లని అధికారులకు సైత మర్థమగునట్లు, నెలనెలకు మరణములను చక్రాకారపు చిత్రములలో రంగులతో చూపెను. యుద్ధము లేని కాలమున ఇంగ్లండులోని సైనికవసతులయందే వేయింటికి 17 మొదలు 20 మంది వఱకు ఏటేట మరణించుచుండగా, వారి యీడు పౌరులలో 11 మందియే మరణించుచున్నారని తేల్చెను. 1858లో లండను గణాంక సంఘము ఆమెను సభ్యురాలిగా చేర్చుకొనెను. ఆ గౌరవము పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

అంతట ఆమె దృష్టి సామాన్య ప్రజల ఆస్పత్రులపై నిలిచెను. ఆ కాలపు లండను ఆస్పత్రులు పెక్కులు చందాదారుల ధనముతో నడచుచుండెను. ఒక్కొక్క ఆస్పత్రి ఒక్కొక్క తీరున లెక్క వ్రాయుటచే దేనిని దేనితోను పోల్చుటకు వీలులేకుండెను. ఎందరు చేరిరి, ఎందరు స్వస్థులైరి, ఎందరు మరణించిరి, ఎన్నిదినము లుండిరి అను విషయములను అన్ని ఆస్పత్రులును ఒకే నమూనాలో వ్రాయవలెనని ఆమె పత్రములు సిద్ధపరచెను. 1860లో లండనులో కూడిన అంతర్జాతీయ గణాంక మహాసభ వాని నంగీకరించెను. చందాదారుడు తన ధన మెట్లు వ్యయమగుచున్నదో, దానివలన ఎంత మేలు కలుగుచున్నదో, మేలునకు మారుగా కీడే కలుగుచున్నదేమో తెలిసికొనవలెననుట ఆమె యుద్దేశము.

లెక్కయే సర్వమని భ్రమపడరాదు. దేనిని దేనిచేత భాగింపవలెనో తెలియవలెను. ఈ విషయమున ఆమెయు ఒకసారి తప్పటడుగు వేసెను. 1863లో ప్రకటించిన గ్రంథమున ఫార్ సిద్ధపరచిన పట్టిక నొకదానిని చేర్చెను. లండనులోని 24 ఆస్పత్రులలో సంవత్సరమంతట మరణించిన 3,828 మందిని, 1861 ఏప్రిల్ 8వ తేదీన ఆ యాస్పత్రులలో నున్న 4,214 మందిచేత భాగించి, మరణములు నూటికి 90 అని అందు చూపబడెను. వైద్యులు దీనిని తీవ్రముగా ఖండించిరి. ఒక మంచముపై ఏడాదిలో పదిమంది యొకరి తరువాత నొకరు చికిత్స పొంది, వారిలో నొకడు మరణించెననుకొందము. మంచముచే భాగించిన నూటికి నూరు. రోగులచే భాగించిన నూటికి పది. ఆ విమర్శ న్యాయమైనది.

ఆమె స్వభావమునకు అసలు పరీక్ష వేరొకచోట జరిగెను. క్రిమియా సేవకు కృతజ్ఞతగా ప్రజలొసగిన నిధితో ఆమె 1860లో సెయింట్ థామస్ ఆస్పత్రిలో దాదుల పాఠశాలను స్థాపించెను. ఆ నిధితోనే పేదస్త్రీల కొఱకు, మంత్రసానుల శిక్షణ కొఱకు కింగ్స్ కాలేజీ ఆస్పత్రిలో ప్రసూతివార్డును నడపెను. సదుద్దేశమునకు కొఱతలేదు, ధనమునకు కొఱతలేదు. అయినను సూతికాజ్వరము ప్రవేశించెను. ఇంగ్లండు మొత్తముమీద వేయి కాన్పులకు సుమారు అయిదుగురు తల్లులు మరణించుచుండగా, ఆ వార్డులో సుమారు 33 మంది మరణించిరి. 1867లో వార్డు మూయబడెను. ఆమె తన పేరిటి నిధికి కలిగిన ఆ యపజయమును దాచలేదు. అనేక దేశముల ప్రసూతిశాలల లెక్కలు తెప్పించి, 1871లో గ్రంథము ప్రకటించి, పేదరాలు తన గుడిసెలో ప్రసవించుటయే పెద్ద వార్డులలో ప్రసవించుటకంటె క్షేమకరముగా నున్నదని లోకమునకు చెప్పెను.

భారతదేశమున ఆమె ఎన్నడును అడుగిడలేదు. 1857 తరువాత వ్యాధిపీడితయై పెక్కు సంవత్సరములు శయ్యనుండియే పనిచేసెను. అయినను ఇచటి సైనిక స్థావరములకెల్ల ప్రశ్నావళులు పంపి లెక్కలు రాబట్టెను. ఆంగ్ల సైనికులు ఏటేట వేయికి 69 మంది మరణించుచున్నారని 1863 నాటి నివేదిక వెల్లడించెను. ఒక సైనికుని చేర్చుకొని, శిక్షణ నొసగి, సముద్రము దాటించుటకగు వ్యయమును తలచినచో, మంచినీటికి, మురుగుకాలువలకు పెట్టు వ్యయము దుబారా కాదని ఆమె వాదించెను. పది సంవత్సరములలో ఆ సంఖ్య 18కి దిగెను.

పిదప ఆమె చూపు సైనికునినుండి రైతుపై ప్రసరించెను. గోదావరిపై ధవళేశ్వరమున 1847 మొదలు 1852 వఱకు ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటను వాదమును ఆమె గట్టిగా బలపరచెను. కాలువలపై పెట్టిన ధనమునకు శిస్తురూపమున ఎంత వడ్డీ వచ్చునని ప్రభుత్వము లెక్కించుచుండగా, ఆ నీటివలన కరవున చావక నిలిచిన ప్రాణములను కూడ జమలో వ్రాయవలెనని ఆమె వాదము. 1876–78 నాటి ధాతకరవు రాయలసీమను దహించినపుడు ఆ జమ విలువ యెట్టిదో తెలిసినది. గ్రామములలో వసూలగు సెస్సునుండి కొంతభాగము మొదట గ్రామ పారిశుద్ధ్యమునకే వినియోగింపవలెనని 1892లో భారతమంత్రికి విజ్ఞప్తి పంపెను.

1907లో ఆమెకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుద మొసగబడెను. ఆ బిరుదు నందిన మొదటి స్త్రీ ఆమె. అప్పటికే చూపు పోయినది. 1910 ఆగస్టు 13వ తేదీన 90వ యేట ఆమె పరమపదించెను. ఆడంబరములు వలదన్న ఆమె కోరిక ననుసరించి స్వగ్రామ సమీపమున ఈస్ట్ వెల్లో చర్చి ఆవరణమున సమాధి చేసిరి.

నేడు ఇంగ్లండులో 1999లో ఏర్పడిన సంస్థ యొకటి, ఒక చికిత్సకగు వ్యయమును, దానివలన రోగికి లభించు ఆరోగ్యవంతమగు సంవత్సరములను తూచి ప్రభుత్వమునకు సలహా నొసగుచున్నది. దీని పద్ధతులు నవీనములు. ప్రశ్న మాత్రము ఆమె వేసినదే. ధర్మకార్యమునకు రూపాయి యిచ్చినవాడు దాని ఫలమును విచారించుట లోభము కాదు. లెక్క చెప్పుట ఆ కార్యమును నడుపువారికి అవమానమును కాదు. ప్రజల ధనముతో నడచు ప్రతి సంస్థకును, అది ఆస్పత్రి యైనను, పాఠశాల యైనను, గ్రంథాలయ మైనను, ఆ దీపము దారి చూపుగాక!