తాడు తెగినా పడని బల్ల

తొండూరు: రోగిని చూడడానికి కడపకో తిరుపతికో వెళ్లి, పెద్దాసుపత్రిలో లిఫ్టు ముందు కాసేపు నిలబడి, ఎందుకొచ్చిన గొడవలే అని మెట్లెక్కి పోయేవారు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. వారి భయం ఒక్కటే. తాడు తెగితే? కపిల తోలిన పెద్దలకు ఈ భయం మరీ ఎక్కువ. మోకు తెగి బాన బావిలో పడడం కళ్లారా చూసినవారు కదా! సరిగ్గా ఈ ప్రశ్నకే జవాబు వెదికిన మనిషి ఎలీషా గ్రేవ్స్ ఓటిస్. చాలా లిఫ్టుల్లో కనిపించే ఓటిస్ అనే పేరు ఆయనదే.

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో హాలిఫాక్స్ అనే ఊళ్లో 1811 ఆగస్టు 3న ఆయన పుట్టాడు. ఆరుగురు పిల్లల్లో చివరివాడు. 19వ ఏట ఇల్లు వదిలి ట్రాయ్ పట్టణం చేరి బండి తోలాడు. న్యుమోనియా వచ్చి చావు అంచుదాకా వెళ్లాడు. పిండిమర పెట్టాడు, ఆదాయం లేదు. దాన్నే కోతమిల్లుగా మార్చాడు, గిరాకీ లేదు. బండ్లు చేసి అమ్మాడు. ఇద్దరు కొడుకులు పసివాళ్లుగా ఉండగానే భార్య కన్నుమూసింది. తరువాత ఆల్బనీ నగరంలో మంచాల కర్మాగారంలో పనికి కుదిరి, మంచం పట్టెలను నాలుగు రెట్లు వేగంగా చేసే యంత్రం కనిపెట్టాడు. ఆ ఊపుతో సొంత షాపు పెడితే, దాన్ని నడిపే వాగు నీటిని నగరం తాగునీటికి మళ్లించుకుంది. నీళ్లు మళ్లిపోతే ఏమవుతుందో మన ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు.

నలభై దాటిన వయసులో, 1852లో, న్యూయార్కు దగ్గరి యాంకర్స్‌లో ఒక పాత మిల్లును మంచాల ఫ్యాక్టరీగా మార్చే పని ఆయనకు దొరికింది. సామాను పై అంతస్తుకు చేర్చాలి. తాడుతో ఎత్తే బల్లలు అప్పటికే వాడుకలో ఉన్నాయి. కాని తాడు తెగితే బల్ల, సరుకు, మనిషి అన్నీ ఒక్కసారే కిందికి. ఓటిస్ ఇంకా లావు తాడు కోసం చూడలేదు. తాడు ఎప్పుడో ఒకప్పుడు తెగుతుందనే లెక్కతోనే పని మొదలుపెట్టాడు.

ఆయన చేసిన ఏర్పాటు చూడడానికి చాలా సులువు. బల్ల పైభాగాన బండికి వాడే కమాను కట్ట బిగించి, ఎత్తే తాడును దానికే కట్టాడు. బరువుకు తాడు బిగుతుగా లాగుతున్నంతసేపూ కమాను వంగి ఉంటుంది. బల్లకు రెండు పక్కలా నిలువు పట్టీలు, వాటికి రంపపు పళ్ల వంటి పళ్లు. తాడు తెగిందా, కమాను ఒక్కసారిగా చాచుకుంటుంది. దాని కొసలకున్న ఇనుప నాలుకలు ఆ పళ్లలో పడి బల్లను అక్కడికక్కడే పట్టేస్తాయి. ఎవరూ మీట నొక్కనక్కరలేదు, కేక వేయనక్కరలేదు. తాడు తెగడమే బల్లను ఆపుతుంది. ఒకప్పుడు బండ్లు చేసిన మనిషికి చివరికి బండి కమానే అక్కరకు వచ్చింది.

1853లో లిఫ్టుల తయారీ మొదలుపెట్టినా కొనేవారు బహు తక్కువ. మాటలతో నమ్మరని 1854లో న్యూయార్కు క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనకు వెళ్లాడు. జనమంతా చూస్తుండగా తాను బల్ల ఎక్కి, ఎత్తుకు లాగించుకొని, తాడు నరికించాడు. బల్ల కాస్త జారి ఆగిపోయింది. పిచ్చి సాహసం అనిపించవచ్చు గాని, తన పనితనం మీద నమ్మకం లేనివాడు చేయగల పని కాదది.

1857 మార్చి 23న న్యూయార్కు బ్రాడ్వే వీధిలో, పింగాణీ, గాజు సామాన్లు అమ్మే ఐదంతస్తుల హావౌట్ దుకాణంలో మనుషులు ఎక్కే లిఫ్టు పెట్టాడు. ఆవిరి యంత్రంతో నడిచేది, వేగం నిమిషానికి 40 అడుగులు. 1861 జనవరి 15న పేటెంటు వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్ 8న కంఠసర్పి (డిఫ్తీరియా) జబ్బుతో 49 ఏళ్లకే చనిపోయాడు. ఆయన పేరుతో పెరిగిన నగరాలను ఆయన చూడలేదు. కొడుకులు చార్లెస్, నార్టన్ 1867లో ఓటిస్ బ్రదర్స్ కంపెనీ పెట్టి పని కొనసాగించారు.

నేటి లిఫ్టులో కమాను కట్ట లేదు గాని పద్ధతి అదే. ఒక్క మోకు స్థానంలో అనేక ఉక్కు తాళ్లుంటాయి. ఏతం వెనుక కట్టే రాయిలా గదికి ఎదురు బరువు వేలాడుతుంది. గది మితిమీరిన వేగంతో దిగితే గవర్నరు అనే చక్రం పసిగడుతుంది. తిరునాళ్ల రంగులరాట్నం వేగం అందుకుంటే కుర్చీలు బయటికి చిమ్మినట్టే, దానిలోని గుండ్లు విచ్చుకొని తాడును బిగిస్తాయి. వెంటనే గది అడుగున ఉన్న ఇనుప దవడలు పట్టాలను కరచి పడతాయి. బ్రేకును స్ప్రింగు ఎప్పుడూ బిగించే ఉంచుతుంది, కరెంటు వస్తేనే సడలుతుంది. అందుకే కరెంటు పోతే లిఫ్టు పడదు, ఆగుతుంది.

అలా మధ్యలో ఆగినప్పుడు తలుపులు లాగి దూకబోయినవారే ప్రమాదంలో పడతారు. గదికి గాలి ఆడే సందులుంటాయి, ఊపిరాడదన్న భయం అక్కరలేదు. గంట బొత్తాం నొక్కి లోపలే నిలబడాలి. మంటలు లేచినప్పుడు మాత్రం లిఫ్టు జోలికి పోక మెట్లే దిగాలి.